దుప్పటి రెండో కొస

సినిమా మొదలై పావుగంట కాకముందే జవాబక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తెర మీద హీరో మాసిన దుప్పట్ల గుట్ట మీద వెల్లకిలా పడుకుని, అందులోంచే ఒక దుప్పటి కొస లాక్కుని మూతి తుడుచుకున్నాడు. ఆసుపత్రి దుప్పటి! దానికి చీము ఉందో, నెత్తురు ఉందో, ఇంకేముందో ఎవరికి తెలుసు? జవాబక్క ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఆరేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. చేతికి తొడుగుల్లేకుండా మాసిన గుట్టని ముట్టుకున్నవాణ్ణి సూపర్‌వైజరు ఆ పూటకి ఇంటికి తరిమేస్తాడు. దాని మీద పడుకుని మూతి తుడుచుకున్నవాణ్ణి ఏం చేస్తాడో ఆమె ఊహకే అందలేదు.

"ఛీ!" అంది పైకే.

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఎన్ని కష్టాలు పడ్డాడో పాపం" అంది.

ఆ పాపం అనిపించుకుంటున్నవాడు జవాబక్కకి సొంత అన్న. మూడేళ్ళ కిందట పోయాడు. ఎవరికీ తెలియని ఓ పాటగాడి నిజ జీవితమే ఈ సినిమా అని మొదట్లో పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు కూడా. ఆ నిజ జీవితం తాలూకు మనిషి బతికుండి, ఈ పక్క కుర్చీలో కూర్చుని ఇదంతా చూసి ఉంటే ఏం చేసేవాడో ఆమెకి బాగా తెలుసు. ఒక్క ముక్క మాట్లాడకుండా లేచి, ఇంటికెళ్ళి స్నానం చేసేవాడు.

ఎందుకంటే ఆ మహానుభావుడికి శుభ్రం పిచ్చి. అదే లాండ్రీలో వేడినీళ్ళ తొట్టెల దగ్గర ఎనిమిది గంటలు నిలబడి, పని దిగాక అక్కడే ఒళ్ళు కడుక్కుని, తెల్లచొక్కా తొడుక్కుంటే గానీ వీధిలో కాలు పెట్టేవాడు కాదు. ఆ చొక్కాలు తనే ఉతుక్కునేవాడు, తనే ఇస్త్రీ చేసుకునేవాడు. చెల్లెలు చేస్తే కాలరు దగ్గర ముడత వస్తుందని వంక. దారిలో బురద కనిపిస్తే గోడకి ఆనుకుని పిల్లిలా నడిచేవాడు. జనం ఆ నడక చూసి నవ్వితే తన అందం చూసి నవ్వుతున్నారనుకునేవాడు. మందు ముట్టేవాడు కాదు. నీతి కోసం కాదు, పుల్లటి తేన్పులొచ్చి గొంతు పాడైపోతుందని భయం. గొప్పలు మాత్రం బోలెడు. చెల్లెలి టీ సగం తాగేసి, "నాది చల్లారిపోయిందే" అనేవాడు. మరీ అంత మంచివాడేం కాదు. చెడ్డవాడూ కాదు. అన్న, అంతే.

అలాంటి మనిషిని సినిమాలో తీసుకెళ్ళి మురిక్కాలవ పక్కన పడేశారు. గడ్డంలో తిండి ముక్కలు, గోళ్ళలో మట్టి, చేతిలో సీసా. సీసా అయిపోయాక వాంతి. ఆ వాంతిని కెమెరా దగ్గరికెళ్ళి మరీ చూపించింది. పేదవాడు కాబట్టి కంపు కొట్టి తీరాలని వాళ్ళకెవరు చెప్పారో! పొద్దస్తమానం ఊరి మురికి ఉతికి పెట్టేవాడికి తన ఒంటిమీద మురికి ఎంత అసహ్యమో, ఎప్పుడూ తన గుడ్డ తను ఉతుక్కోని వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

అయినా ఆ మురికంతా జవాబక్క దిగమింగుకునేదే. నటనని ఒకటుంటుందని ఆమెకీ తెలుసు. ఆమె అక్కడికి వచ్చింది పాట కోసం. పాట వచ్చింది. దాంతో ఆమెకి మిగిలిన ఆశ కూడా పోయింది.

ఆ పాట సంగతి చెప్పాలంటే ముందు దుప్పటి మడతపెట్టడం గురించి చెప్పాలి. ఆసుపత్రి దుప్పటి పెద్దది, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఈ కొసలు ఒకరు, ఆ కొసలు ఒకరు పట్టుకుని లాగి, విదిలించి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి చేతులు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. రోజుకి నాలుగైదు వందల దుప్పట్లు. నోరు మూసుకుని చేస్తే పిచ్చెక్కుతుంది. అందుకని జవాబక్క వాళ్ళమ్మ కాలం నుంచే ఆ బల్ల దగ్గర పాటలు పుట్టాయి. వెనక్కి నడుస్తూ ఒకరు అడగాలి, ముందుకొస్తూ రెండోవారు జవాబివ్వాలి. అడిగేవాడిది ఎప్పుడూ ఏడుపే. లోకంలో తనంత కష్టజీవి లేడన్నట్టు అడుగుతాడు. జవాబు చెప్పేది వాడి గాలి తీసేస్తుంది. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

అన్న అడిగేవాడు:

"ఏటి గట్టున నిలబడ్డా, ఎవరూ నన్ను చూడరేం?"

చెల్లెలు జవాబిచ్చేది:

"నీళ్ళలో నిన్ను నువ్వే చూసుకుంటుంటే, మాకు చోటేదన్నా!"

మళ్ళీ అన్న, గొంతులో లోకంలోని దుఃఖమంతా పోసుకుని:

"నా గొంతు ఎండిపోయిందే, నా పాటకి దిక్కెవరే?"

చెల్లెలు:

"కుండ నీ పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అరుగుతుందా!"

మూడోది అన్నిటికంటే పెద్ద ఏడుపు: "నాకెవరున్నారే ఈ లోకంలో, నాకెవరున్నారే?" దాని జవాబు దగ్గర పాట అయిపోతుంది, దుప్పటి మడతా అయిపోతుంది, హాలు గొల్లుమంటుంది. ఆదివారాలు కార్మికుల హాల్లో, స్నేహితుల పెళ్ళిళ్ళలో వాళ్ళిద్దరూ ఒక తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడి పాడేవాళ్ళు. అడిగేటప్పుడు అన్న మొహం ఎంత జాలిగా పెట్టేవాడంటే, జవాబు పడ్డాక ఆ మొహం వాడిపోవడం చూడ్డానికే జనం వచ్చేవాళ్ళు. ఈమెకి జవాబక్క అనే పేరు అక్కడే పడింది. మామూలుగా మాట్లాడినా ఒక మాటకి రెండు మాటలు అప్పజెప్పే మనిషి కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది.

వాళ్ళమ్మ పెట్టిన పద్ధతి ఒకటుంది. అడిగేవాడికి పాట నేర్పేటప్పుడు జవాబు వినిపించకూడదు. జవాబు ఎంతసేపు పడుతుందో అంతసేపూ వేలి కణుపుతో బల్ల మీద కొట్టాలి. టక్, టక్, టక్, టక్. జవాబు మొట్టమొదటిసారి జనం ముందే పడాలి. అప్పుడే అడిగినవాడి మొహం నిజంగా వాడిపోతుంది. ఆ తర్వాత కూడా చెల్లెలు ఎప్పటికప్పుడు ఒకటో రెండో మాటలు మార్చి అన్నని తికమక పెట్టేది. అన్న ముప్ఫై ఏళ్ళు పాడినా ప్రతిసారీ కొత్తగా ఉలిక్కిపడేవాడు. రేడియోవాళ్ళు ఒకసారి రికార్డు చేస్తామని వస్తే, "యంత్రం రెండోసారి ఉలిక్కిపడదు" అని పంపేశాడు. అందువల్ల ఆ పాట ఎక్కడా రికార్డు కాలేదు. అన్న పోయాక అది జవాబక్క నోట్లో మాత్రమే మిగిలింది.

అన్న పోయిన ఏడాదికి ఎవరో పత్రికాయన, లాండ్రీలో కన్నుమూసిన పాటగాడని రెండు కాలమ్‌ల కథ రాశాడు. అది చదివి సినిమావాళ్ళు వచ్చారు. డైరెక్టరు రెండు చేతులూ పట్టుకుని, "మీ అన్నయ్యగారి పాట లోకానికి వినిపిస్తామమ్మా" అన్నాడు. జవాబక్క గట్టి మనిషే గానీ ఆ మాటకి మెత్తబడింది. తన తర్వాత ఆ పాట ఎవరికొస్తుంది? పిల్లలు లేరు. లాండ్రీలో కొత్తగా వచ్చిన అమ్మాయిలు చెవుల్లో ఏవో పెట్టుకుని పనిచేస్తారు. తను పోతే పాటా పోతుంది. సినిమాలో ఉంటే ఉంటుంది కదా అనుకుంది. అంతకంటే ఆమెకి కావలసిందేమీ లేదు.

హీరో మూడు వారాలు ఆమె ఇంటికి వచ్చాడు. ఆసుపత్రి వెనక వీధిలో రెండు గదులు. వాటిలో ఒకటి ఇప్పటికీ అన్న చొక్కాలదే. హీరో నేల మీదే కూర్చునేవాడు. కుర్చీ చూపిస్తే, "వద్దమ్మా, నేను ఆ బాధలోకి వెళ్ళాలి" అనేవాడు. ఏ బాధ? అన్న ఎప్పుడూ కుర్చీలోనే కూర్చునేవాడు, అదీ ఇంట్లో ఉన్న మంచి కుర్చీలో. ఆ మాట చెప్తే హీరో కళ్ళు మూసుకుని తలాడించేవాడు. వినడం మానేసినవాళ్ళు అలా తలాడిస్తారని ఆమెకి అప్పుడు తెలియదు.

పాట నేర్పింది. ప్రశ్న పాడి, వాడిచేత పాడించి, జవాబు దగ్గర బల్ల మీద కొట్టింది. టక్, టక్, టక్, టక్.

"ఇదేంటమ్మా?" అన్నాడు హీరో.

"అది నాది నాయనా. నువ్వు ఆగాలి. రికార్డింగు రోజు వింటావులే."

హీరోకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "ఆగాలి" అని తనలో తనే రెండుసార్లు అనుకున్నాడు. వెళ్ళేటప్పుడు అన్న తెల్లచొక్కా ఒకటి అడిగి తీసుకెళ్ళాడు.

రికార్డింగు రోజు పిలుస్తారని జవాబక్క రెండు నెలలు ఎదురుచూసింది. ఉన్నవాటిలో మంచి బట్టలు ఇస్త్రీ చేసి పక్కన పెట్టుకుంది. చల్లటి నీళ్ళు మానేసింది. ఫోను మోగితే తడిచేతులతోనే పరిగెత్తేది. పిలవలేదు. చివరికి వచ్చింది సినిమా టిక్కెట్లు, రెండు.

ఇప్పుడు తెర మీద హీరో వానలో నిలబడి పాడుతున్నాడు. "ఏటి గట్టున నిలబడ్డా, ఎవరూ నన్ను చూడరేం?" అన్నాడు. ఆగాడు. టక్, టక్, టక్, టక్. చూరు నుంచి నీటి చుక్కలు రేకు మీద పడుతున్నాయి. ఆ చుక్కల చప్పుడే ఆ టక్‌టక్! హీరో కళ్ళల్లోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. జవాబు లేదు. జవాబు చెప్పే మనిషే లేదు. సినిమాలో ఆయనకి చెల్లెలే లేదు.

జవాబక్కకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా మంటలు పుట్టాయి. సగం పాట! నవ్వించే సగం కోసిపారేసి, ఏడుపు సగం తెచ్చి నెత్తిన పెట్టుకున్నారు. హాలంతా ముక్కులు చీదుతోంది. దేనికి ఏడుస్తున్నారు? పక్కన కుండ పెట్టుకుని గొంతెండిపోయిందని ఏడ్చే బద్ధకస్తుణ్ణి చూసి ఏడుస్తున్నారు! ఇంకా ఘోరం, ఆ ఖాళీ వాళ్ళు కల్పించింది కాదు. తనే నేర్పింది. తన వేలి కణుపుతో కొట్టి మరీ నేర్పింది.

మూడో ప్రశ్న దగ్గర ఆమెకి తెలియకుండానే నోరు తెరుచుకుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. గొంతు పైకి రాకముందే నాలుగు వరసల నుంచి "ష్‌ష్" అన్నారు. ఆమె పక్కకి తిరిగి చూసింది. రెండో టిక్కెట్టు మీద తను తీసుకొచ్చిన నిచ్చెన, లాండ్రీలో తనతో దుప్పట్లు మడతపెట్టే పొడుగాటి మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నువ్వు కూడానా? సిగ్గు లేదుటే?" అంది జవాబక్క.

నిచ్చెన కొంగు ఇంకా లోపలికి కుక్కుకుంది. సినిమాలో పాటగాడు నడివీధిలో ఒంటరిగా చచ్చిపోయాడు. అసలాయన రాత్రిపని దిగిన ఒక ఉదయం, లాండ్రీలోనే అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలిపోయాడు. లాండ్రీవాళ్ళు ఎనిమిదిమంది, సబ్బు చేతులు కూడా కడుక్కోకుండా ఎత్తుకుని ఆసుపత్రిలోకి పరిగెత్తారు. ఆ ఎనిమిదిమందిలో నిచ్చెన ఒకతె. అది తెలిసీ తెర మీది చావుకి ఏడ్చినందుకు జవాబక్క ఆమెతో మాట్లాడ్డం మానేసింది. అప్పట్నించీ ఇద్దరూ మూగవాళ్ళలా దుప్పట్లు మడిచారు.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. పత్రికలన్నీ హీరో నటనని ఆకాశానికెత్తాయి. అన్నిటికంటే ఎక్కువ పొగిడింది ఆ మౌనాన్నే. పాట మధ్య అతను ఆగిన ప్రతిసారీ ఒక జీవితకాలపు ఒంటరితనం వినిపించిందట. సూపర్‌వైజరు ఆ ముక్క గట్టిగా చదివి వినిపిస్తే, జవాబక్క ఇస్త్రీ యంత్రం వైపు తిరిగి, "వినిపించింది నా నోరు మూయించిన చప్పుడు" అంది.

నెలన్నర తర్వాత డైరెక్టరు మనిషి, కళ్ళజోడు అమ్మాయి ఒకతె, లాండ్రీకే వచ్చింది. హీరోకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందట. పెద్ద సభ. హీరో వేదిక మీద ఆ పాట పాడతాడట. పాట అయ్యాక జవాబక్క మైకు ముందుకొచ్చి ఒకే ఒక్క మాట చెప్పాలట.

"ఏం మాట?"

"అచ్చం మా అన్నలాగే ఉన్నాడు అంటే చాలమ్మా. అంతకంటే ఏమీ అక్కర్లేదు."

బల్లకి అటువైపు నిచ్చెన దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఛీ పొమ్మంటుందనుకుంది. జవాబక్క తన కొసలు బల్ల మీద పెట్టి, "నాకు మైకు ఇస్తారుగా?" అంది.

"తప్పకుండా ఇస్తాం."

"అయితే వస్తాను."

ఆమె ఉద్దేశం ఒక్కటే. అన్ని వేలమంది ముందు జవాబు పడాలి. పడితే చాలు, ఒక్కసారి జనం నవ్వితే చాలు, ఆ తర్వాత ఏ డైరెక్టరూ ఆ పాటని ఏడుపు పాట చెయ్యలేడు. ఆ రోజు పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు తాగింది. రికార్డింగు కోసం పక్కన పెట్టుకున్న బట్టలే వేసుకుంది.

వేదిక మీద అడుగుపెట్టగానే ఆమె కళ్ళు ఓ మూల అద్దాల పెట్టె మీద పడ్డాయి. అందులో అన్న తెల్లచొక్కా. తెలుపెక్కడిది! మెడ చుట్టూ జిడ్డు, ముందంతా బురద, జేబు మీద వాంతి మరక పసుపచ్చగా ఎండిపోయి ఉంది. కింద ఒక దీపం కూడా పెట్టి, ఆ మరక బాగా కనిపించేట్టు చేశారు.

"ఉతకలేదేం?" అంది కళ్ళజోడు అమ్మాయితో.

"అయ్యో, ఉతికితే ఎలాగమ్మా? సినిమాలో వాడిన చొక్కా. ఆ మరకలే దాని విలువ. ప్రదర్శనకి పంపిస్తున్నాం."

జవాబక్క ఆ పెట్టెకి వీపు తిప్పింది. వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

హీరో వచ్చాడు. ఇక్కడ గడ్డం లేదు, మురికి లేదు, పదడుగుల దూరానికి అత్తరు వాసన. పాట మొదలెట్టాడు. మొదటి ప్రశ్న. వెనకాల వాద్యాలవాళ్ళు టక్, టక్, టక్, టక్ కొట్టారు. జవాబక్క మైకు కోసం చూసింది. అది ఇంకా వ్యాఖ్యాత చేతిలోనే ఉంది. రెండో ప్రశ్న మొదలయ్యేసరికి ఆమె లేచి, ఆవిడ చేతిలోంచి మైకు లాక్కుంది.

"నా గొంతు ఎండిపోయిందే, నా పాటకి దిక్కెవరే?" అన్నాడు హీరో, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

"కుండ నీ పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అరుగుతుందా!"

అరవై ఏళ్ళ గొంతే అయినా ఖంగుమంది. హాలు చివర, తలుపు దగ్గర నిలబడ్డ ఊడ్చేవాళ్ళలో ఒకడు పకాలున నవ్వాడు. ఒక్కడే. వెంటనే ముందున్న వందల తలలు వెనక్కి తిరిగి వాణ్ణి మింగేసేలా చూశాయి. "సిగ్గులేని మనిషి, ఎక్కడ నవ్వాలో తెలీదా!" అని ఎవరో కసిరారు. వాడు తలొంచుకుని బయటికి పోయాడు.

హీరో మాత్రం ఏ మాత్రం తడబడలేదు. చకచకా వచ్చి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చేతిలో మైకు మెల్లిగా తీసేసుకుని, "అమ్మ తట్టుకోలేకపోతోంది" అన్నాడు జనంతో.

"తట్టుకోలేకపోవడం ఏంటి నాయనా? అది జవాబు!" అంది జవాబక్క. మైకు లేదు. ఎవరికి వినిపిస్తుంది? హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. అన్న మీద బెంగతో మతి చలించిందనుకుని ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

హీరో ఆమెని కావిలించుకుని, ఆమె భుజం మీద తలపెట్టి మూడో ప్రశ్న ఎత్తుకున్నాడు. "నాకెవరున్నారే ఈ లోకంలో, నాకెవరున్నారే?" అని ఆగాడు. వాడి మొహం మీది పూత ఆమె బట్టలకి అంటుకుంటోంది. మూడో జవాబు ఆమె నాలుక చివర్న ఉంది. వాడి చెవి జానెడు దూరంలో ఉంది. అప్పుడు హీరో పెదాలు కదలకుండా, "బాగుందమ్మా, అలాగే ఉండండి, కెమెరా అటు ఉంది" అన్నాడు.

జవాబక్క నోరు మూసుకుంది. వాంతి మరక మీద దీపం పెట్టుకునేవాళ్ళకి ఈ జవాబు చెప్పనే చెప్పను అనుకుంది. టక్, టక్, టక్, టక్ అని వాద్యాలవాళ్ళు కొట్టి ముగించారు. వ్యాఖ్యాత కళ్ళు ఒత్తుకుని, "ఆమె మౌనమే చెప్తోంది, అచ్చం వాళ్ళ అన్నయ్యగారే!" అని ప్రకటించింది. చెప్పమన్న మాట ఆమె చెప్పకపోయినా, చెప్పినట్టే పత్రికల్లో వచ్చింది.

మర్నాడు పనిలోకి వెళ్ళేసరికి లాండ్రీలో అందరూ ఆ సభ టీవీలో చూసేశారు. సభకి వేసుకున్న బట్టలు మూడు తొట్టెల్లో వేసి ఉతికినా అత్తరు వాసన వదల్లేదు, ఆ కోపం ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది. ఆవిరి, సబ్బు వాసన, యంత్రాల రొద. నిచ్చెన ఎప్పట్లాగే బల్లకి అటువైపు నిలబడింది. వంద దుప్పట్లు అయ్యాయి, రెండొందలు అయ్యాయి.

"ఆ రోజు సినిమాలో ఏడిచానని నీకు కోపం" అంది నిచ్చెన, ఉన్నట్టుండి.

"కోపం కాదు, రోత. పాట తెలియనివాళ్ళు ఏడ్చారంటే సరే. పక్క బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు విని నవ్విన దానివి."

"అందుకే ఏడిచాను. నువ్వు లేకుండా ఆ పాట వింటే నాకు ఏడుపు రాదా అక్కా?"

జవాబక్క దుప్పటి విదిలించబోయి ఆగింది. తర్వాత కొసలు లాగి పట్టుకుని, వెనక్కి నడుస్తూ పాట ఎత్తుకుంది. ప్రశ్న ఎత్తుకుంది. అన్న పాడే ప్రశ్న. ఇన్నేళ్ళలో ఆమె జనం ముందు ఎప్పుడూ పాడని సగం.

"నాకెవరున్నారే ఈ లోకంలో..."

ఆ హీరో చెడగొట్టిన పాటని బాగుచేసి చూపిద్దామనే మొదలెట్టింది. ఏడుపు మొహం పెట్టాలి, అన్నలాగా, నవ్వొచ్చేలా. కానీ "నాకెవరున్నారే" అని రెండోసారి అనేసరికి మొహం పెట్టాల్సిన అవసరమే లేకపోయింది. ఇంట్లో రెండు గదులు, ఒకటి నిండా చొక్కాలు. సగం తాగేసే మనిషి లేని టీ. అన్న ఇన్నేళ్ళు ఈ మాట అడుగుతూ ఉంటే తను గాలి తీసి పారేసింది, బాగానే ఉంది. ఇప్పుడు అడిగింది తను. జవాబక్కకి జవాబు చెప్పేదెవరు?

చెయ్యి దానంతట అదే బల్ల మీదికి వెళ్ళింది. టక్. టక్. తన చేతిని చూసి తనకే అసహ్యమేసి ఆపేసింది.

నిచ్చెన దుప్పటి సగానికి మడిచి, పొడుగాటి కాళ్ళతో ముందుకి నడిచొచ్చి, చేతిలో కొసలు ఆమె చేతుల్లో పెట్టింది. గొంతు అస్సలు బాగాలేదు. శ్రుతి ఎక్కడో, ఆమె ఎక్కడో. అయినా మాట మాత్రం తప్పకుండా పాడింది:

"పొద్దున్నించీ నీ దుప్పటి రెండో కొస పట్టిందెవరక్కా!"

అన్నా అని ఉండాల్సిన చోట అక్కా అని తనే మార్చుకుంది. అది ఎవరూ నేర్పలేదు.

యంత్రాల దగ్గరున్నవాళ్ళు కొందరు ఇటు తిరిగారు. ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత ఇంకొకరు. జవాబక్క మొహం ఎలా అయిందో ఆమెకి కనిపించదు గానీ, చూసినవాళ్ళంతా గొల్లుమన్నారు. అచ్చం వాళ్ళ అన్న మొహంలాగే వాడిపోయిందట.

జవాబక్క ముక్కు ఎగపీల్చి, మడిచిన దుప్పటి దొంతర మీద పెట్టి, ఇంకోటి లాగింది.

"అంత ఆలస్యంగానా అందుకునేది? శ్రుతి లేదు, పాడు లేదు. మళ్ళీ అడుగుతాను, పట్టుకో" అంది.